గేమింగ్ పీసీని కొత్తగా కూర్చుకోవలసిన సమయం ఏది?

2020 సెప్టెంబరు 1న ఎన్విడియా సంస్థ, ఆటల దృశ్యాలను గీసే ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డును 499 డాలర్లకు ప్రకటిస్తూ, అప్పటికి తన అగ్రశ్రేణి గేమింగ్ కార్డుగా ఉన్న ఆర్‌టీఎక్స్ 2080 టీఐకి అది దీటుగా పనిచేస్తుందని చెప్పింది. వెయ్యి డాలర్లకు పైగా పోసి 2080 టీఐ కొన్నవారిలో కొందరు, దాని విలువ పూర్తిగా పడిపోకముందే వదిలించుకోవాలన్న తొందరలో, సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో సగం ధరకే అమ్మేశారు. తీరా చూస్తే కొత్త కార్డులు చాలినన్ని రాలేదు. కరోనా కాలపు గిరాకీ, చిప్‌ల కొరత, ఎథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో క్రిప్టో నాణేలు సంపాదించడం) ఒకేసారి మీద పడ్డాయి. అమెరికాలో 699 డాలర్లకు, మన దేశంలో 71 వేల రూపాయలకు ప్రకటించిన ఆర్‌టీఎక్స్ 3080 కోసం 2021లో లక్ష రూపాయలు దాటి పెట్టవలసి వచ్చింది. 2020 వేసవిలో పాత తరం కార్డును పూర్తి ధరకు కొన్నవారి లెక్క తప్పింది. సెప్టెంబరులో కంగారుపడి అమ్ముకున్నవారి లెక్క అంతకన్నా ఎక్కువగా తప్పింది.

వీరందరూ విడుదల తేదీలను, ధరలను చూశారు గానీ, తమ ఇంట్లో ఉన్న యంత్రం తాము ఆడే ఆటలకు సరిపోతోందా, సరిపోకపోతే దానిలో ఏ భాగం చాలడం లేదు అన్న దగ్గర మొదలుపెట్టలేదు. కొత్త గేమింగ్ కంప్యూటర్ ఎప్పుడు కూర్చుకోవాలన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు అక్కడి నుంచి బయలుదేరితేనే దొరుకుతుంది. అలా బయలుదేరితే చాలా సందర్భాల్లో తేలేది, కొత్త కంప్యూటర్ అవసరం ఇంకా రాలేదనీ, ఒకటో రెండో భాగాలు మారిస్తే చాలుననీ.

కంప్యూటర్‌లోని భాగాలన్నీ ఒకే వేగంతో పాతబడవు. క్యాబినెట్, కీబోర్డు పదేళ్లు వాడినా ఆటకు అడ్డం రావు. మంచి రకం ఎస్‌ఎంపీఎస్‌కు (భాగాలకు విద్యుత్తు అందించే పెట్టెకు) తయారీదారులే ఏడేళ్లు, కొన్నిటికి పదేళ్లు కూడా వారంటీ ఇస్తున్నారు. గ్రాఫిక్స్ కార్డు, భాగాలన్నీ అమరే మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో కూర్చుంటుంది. ఆ స్లాటు తరాలు మారినా కొత్త కార్డు పాత స్లాటులో, పాత కార్డు కొత్త స్లాటులో పనిచేసేలా రూపొందించారు కనుక, కార్డును మిగతా యంత్రంతో సంబంధం లేకుండా మార్చుకోవచ్చు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ అనే మూడు మాత్రం ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ప్రాసెసర్‌కు తగిన సాకెట్ (దాన్ని అమర్చే గూడు) బోర్డు మీద ఉండాలి, బోర్డుకు తగిన రకం ర్యామ్ ఉండాలి, డీడీఆర్4 కోసం చేసిన స్లాటులో డీడీఆర్5 పట్టదు. కాబట్టి లెక్కకు అందేలా చెప్పాలంటే, కొత్త కంప్యూటర్ కూర్చుకోవడమంటే ఈ మూడింటినీ కలిపి మార్చడమే. మిగతాదంతా ఉన్న యంత్రానికి మరమ్మతు, లేదా మెరుగుదల. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే ఒక గ్రాఫిక్స్ కార్డుతో పోయే ఖర్చు చాలా ఇళ్లలో లక్షన్నరకు చేరుతోంది.

గ్రాఫిక్స్ కార్డుకూ, ఈ మూడు భాగాల కూర్పుకూ వేర్వేరు కాలచక్రాలున్నాయి. ఎన్విడియా కొత్త తరం కార్డులు 2016 మే, 2018 సెప్టెంబరు, 2020 సెప్టెంబరు, 2022 అక్టోబరు, 2025 జనవరి నెలల్లో వచ్చాయి, అంటే సుమారు రెండేళ్లకొకసారి. ప్రాసెసర్ సాకెట్ల సంగతి అలా ఊహకు అందేది కాదు. ఇంటెల్ 2021 నవంబరులో 12వ తరంతో తెచ్చిన ఎల్‌జీఏ 1700 సాకెట్ 13, 14 తరాల దాకా కొనసాగి, 2024 అక్టోబరులో కోర్ అల్ట్రా 200 వరుసతో ఎల్‌జీఏ 1851కు చోటిచ్చింది. ఏఎండీ ఏఎం4 సాకెట్ మాత్రం ఇంతకన్నా చాలా ఎక్కువ కాలం నిలిచింది, దాని కథ కాస్త వివరంగా చెప్పుకోదగ్గది.

2017 మార్చిలో మొదటి రైజెన్ ప్రాసెసర్లు ఏఎం4 సాకెట్ మీద వచ్చినప్పుడు వాటి గేమింగ్ వేగం ఇంటెల్ కన్నా తక్కువే. ఆనాడు కొన్నవారికి దక్కిన అసలు లాభం ఐదేళ్ల తర్వాత గానీ బయటపడలేదు. 2022 ఏప్రిల్‌లో ఏఎండీ 449 డాలర్లకు విడుదల చేసిన రైజెన్ 7 5800ఎక్స్‌3డీ, చిప్ మీద మరో పొర క్యాష్ మెమరీని (ప్రాసెసర్ లోపలే ఉండే అతి వేగమైన మెమరీని) పేర్చడం ద్వారా, ఆటల్లో ఆనాటి అత్యంత ఖరీదైన ఇంటెల్ ప్రాసెసర్లతో పోటీపడింది. అదే ఏడాది, తొలినాటి 300 వరుస మదర్‌బోర్డులకు కూడా రైజెన్ 5000 వరుసను గుర్తించే బయోస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు వచ్చాయి. ఆ విధంగా, 2017లో బీ350 బోర్డు కొన్న వ్యక్తి బోర్డును, ర్యామ్‌ను కదపకుండా, ఒక్క ప్రాసెసర్ మార్పుతో ఐదేళ్ల కాలాన్ని దాటేయగలిగాడు. అదే 2017 జనవరిలో ఇంటెల్ 7వ తరం ప్రాసెసర్‌తో యంత్రం కూర్చుకున్న వ్యక్తి, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 8వ తరం ఆరు కోర్ల (విడివిడిగా పనిచేసే గణన భాగాల) ప్రాసెసర్‌ను తన బోర్డులో పెట్టుకోలేకపోయాడు. సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151యే, పిన్నుల సంఖ్యా అంతే, అయినా బోర్డు వేరే కావలసి వచ్చింది. ప్లాట్‌ఫామ్ (ప్రాసెసర్, బోర్డు, ర్యామ్‌ల కూర్పు) జీవితకాలపు మొదట్లో కొనడానికీ చివర్లో కొనడానికీ ఉన్న తేడా ఇంత పెద్దది. ఈ వ్యాసం దృష్టిలో కొత్త యంత్రం విషయంలో అన్నిటికన్నా ముందు తూకం వేయవలసింది ఈ అంశాన్నే, కొనే రోజున పది శాతం వేగం ఎక్కువా తక్కువా అన్నది దాని తర్వాతి మాట.

ఆటలు ఎంత వేగంగా బరువెక్కుతాయన్నది మూడో కాలచక్రం. అది ప్రధానంగా కన్సోల్‌ల చేతిలో ఉంది. పెద్ద బడ్జెట్ ఆటలను ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లను దృష్టిలో పెట్టుకునే తయారుచేస్తారు కనుక, కన్సోల్ తరం మారినప్పుడే పీసీకి కావలసిన కనీస శక్తి ఒక్కసారిగా పైకి జరుగుతుంది. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లో ఎనిమిది కోర్లున్నా అవి తక్కువ విద్యుత్తుతో నడిచే బలహీనమైన కోర్లు. 2011 నాటి ఇంటెల్ కోర్ ఐ5-2500కే ప్రాసెసర్‌తో చాలామంది ఆరేడేళ్లు హాయిగా గడిపేయడానికి ఇదొక కారణం, ఆ కాలమంతా ఇంటెల్ సామాన్య కొనుగోలుదారుకు నాలుగు కోర్లు దాటి ఇవ్వకపోవడం మరో కారణం. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వచ్చాయి. వాటిలో ఏఎండీ జెన్ 2 రకపు ఎనిమిది బలమైన కోర్లు, 16 జీబీ మెమరీ, హార్డ్‌డిస్కు కన్నా వేగమైన ఎస్‌ఎస్‌డి నిల్వ ఉన్నాయి. మొదటి రెండు మూడేళ్లు ఆటలు పాత కన్సోల్‌కూ కొత్త కన్సోల్‌కూ కలిపి వచ్చాయి గనుక పీసీ వారికి పెద్దగా తేడా తెలియలేదు. 2023 నుంచి పాత కన్సోల్‌లను వదిలేసిన ఆటలు వరుసగా రావడంతో నాలుగు కోర్ల ప్రాసెసర్లు, హార్డ్‌డిస్కులు, 6 జీబీ, 8 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డులు ఒకేసారి ఇబ్బందిలో పడ్డాయి. దీన్నిబట్టి, ఆధునికమైన ఎనిమిది కోర్లు, 16 జీబీకి తగ్గని ర్యామ్, ఎస్‌ఎస్‌డి ఉన్న యంత్రం నేటి కన్సోల్ తరం ముగిసి, ఆ తర్వాత రెండు మూడేళ్ల కలగలుపు కాలం గడిచేదాకా పునాదిగా నిలుస్తుందని అంచనా వేసుకోవచ్చు.

ఇక ఇంట్లో ఉన్న యంత్రాన్ని పరీక్షించే పద్ధతి. ముందుగా చేయవలసినది శుభ్రం చేయడం. తెలుగు ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గది సంక్రాంతి నాటి కంటే పదిహేను డిగ్రీలు వేడిగా ఉండటం మామూలే. గది వేడి ఎంత పెరిగితే చిప్‌ల వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. జనవరిలో 70 డిగ్రీల వద్ద నడిచిన గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్ రెక్కలకూ హీట్‌సింక్ సందులకూ దుమ్ము పట్టిన స్థితిలో, మే నెలలో 85 డిగ్రీలకు చేరి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ప్రాసెసర్ మీద ఐదారేళ్ల కిందటి థర్మల్ పేస్టు (చిప్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే పూత) ఎండిపోయి ఉంటే అక్కడా ఇదే జరుగుతుంది. ఇలా నెమ్మదించిన కంప్యూటర్‌ను చూసి పాతబడిపోయిందని తీర్మానించుకోవడం న్యాయం కాదు. బ్లోయర్‌తో దుమ్ము ఊది, కొన్ని వందల రూపాయల పేస్టు మార్చి చూశాకే మిగతా పరీక్ష మొదలుపెట్టాలి.

ఆ పరీక్ష సులువే. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆట నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డు వినియోగం, ప్రాసెసర్ వినియోగం, మెమరీ, వేడి తెర మీద చూడవచ్చు. కార్డు వినియోగం 97, 99 శాతం వద్ద స్థిరంగా ఉంటే కార్డే తన శక్తిమేరకు పనిచేస్తోందని, ఆటకు అదే హద్దు అని అర్థం. అది 60, 70 శాతం దగ్గరే ఆగిపోయి, ఫ్రేమ్ రేటుకు (సెకనుకు తెర మీదికి వచ్చే చిత్రాల సంఖ్యకు) ఎక్కడా పరిమితి పెట్టకపోయినా పెరగకుండా ఉంటే ప్రాసెసర్ వైపు లోపం ఉంది. మరింత రూఢి చేసుకోవాలంటే రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించి చూడాలి. ఫ్రేమ్ రేటు బాగా పెరిగితే బరువు మోస్తున్నది గ్రాఫిక్స్ కార్డు, ఏమీ మారకపోతే ప్రాసెసర్. మొత్తం ప్రాసెసర్ వినియోగం 40 శాతమే కనిపించినా మోసపోకూడదు, ఎందుకంటే చాలా ఆటల్లో ఒకటి రెండు కోర్ల మీదే ప్రధాన భారం పడుతుంది, తక్కినవి ఖాళీగా ఉంటాయి.

సగటు ఫ్రేమ్ రేటు ఒక్కటే చూస్తే అసలు బాధ తెలియదు. సెకనుకు 60 ఫ్రేములు అంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. సగటు 60 ఉన్నా మధ్యమధ్య ఒక ఫ్రేము 50 మిల్లీసెకన్లు తీసుకుంటే కంటికి అది కుదుపుగా తగులుతుంది. ఈ కుదుపులను కొలవడానికే అత్యంత నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల రేటును విడిగా చూస్తారు. కుదుపులకు కారణం ప్రాసెసర్ కావచ్చు, ర్యామ్ చాలకపోవడం కావచ్చు, గ్రాఫిక్స్ మెమరీ నిండిపోవడం కావచ్చు. చివరిది ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తోంది. 8 జీబీ కార్డు మీద టెక్స్చర్లను (వస్తువుల ఉపరితలాల చిత్రాలను) అత్యున్నత స్థాయిలో పెడితే మెమరీ చాలక, సమాచారం పీసీఐ దారిగుండా ర్యామ్‌కూ కార్డుకూ మధ్య పరుగులు తీస్తుంది. టెక్స్చర్లను ఒక మెట్టు దించగానే సమస్య పోతే అది కార్డు మెమరీ సమస్యే, దానికోసం మదర్‌బోర్డు మార్చనవసరం లేదు. ఒక సూక్ష్మం ఉంది: ఆర్‌టీఎక్స్ 4060, 5060 టీఐ వంటి కార్డులు పీసీఐలో పదహారుకు బదులు ఎనిమిది లేన్లే (సమాచారం నడిచే దారులే) వాడతాయి. పీసీఐ 3.0 ఉన్న పాత బోర్డులో, మెమరీ నిండిపోయిన సందర్భాల్లో, వాటి వేగం కొంత కోల్పోతుంది. పాత బోర్డుకు కార్డు ఎంచుకునేవారు లేన్ల సంఖ్య కూడా చూసుకోవడం మంచిది.

పరీక్షలో తప్పనిసరిగా ఉండవలసిన మరో నియమం, నిజంగా ఆడే ఆటలతోనే పరీక్షించడం. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడే వ్యక్తికి రే ట్రేసింగ్ (కాంతి దారిని లెక్కగట్టి నీడలు, ప్రతిబింబాలు గీసే పద్ధతి) లెక్కలు అక్కర్లేదు. ఆ ఆటలకు ప్రాసెసర్ వేగం, మానిటర్ రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందన్నది, హెర్ట్జ్‌లలో) ముఖ్యం. 60 హెర్ట్జ్ మానిటర్ ముందు కూర్చుని లక్షన్నర యంత్రం కావాలనుకునే కుర్రవాడికి ముందు కావలసింది 144 హెర్ట్జ్ మానిటర్. ఒంటరిగా కథాప్రధానమైన ఆటలు ఆడేవారికి డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి అప్‌స్కేలింగ్ పద్ధతులు పాత కార్డు ఆయుష్షును పెంచాయి. 2025 జనవరిలో వచ్చిన డీఎల్‌ఎస్‌ఎస్ 4లోని కొత్త అప్‌స్కేలింగ్ మోడల్ 2018 నాటి ఆర్‌టీఎక్స్ 20 వరుసలో కూడా పనిచేస్తుంది. ఏడేళ్ల నాటి కార్డుకు ఖర్చు లేకుండా చిత్రనాణ్యత పెరగడం చిన్న విషయం కాదు. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపే ఈ పద్ధతిని చిన్నచూపు చూసేవారున్నారు గానీ, కదిలే ఆటలో కన్ను పట్టుకోలేని తేడాకు వేల రూపాయలు పెట్టడంలో అర్థం లేదు.

కొన్ని సందర్భాల్లో యంత్రం వేగంగానే ఉన్నా తలుపులు మూసుకుపోతాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 వరుస నుంచి మొదలవుతుంది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. విండోస్ 11లో వాలరెంట్ నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రం మొదలయ్యే ఏర్పాటు) రెండూ ఆన్ చేసి ఉండాలి. గ్రాఫిక్స్ వైపు, ఎంతోమందికి ఏళ్ల తరబడి అన్నం పెట్టిన జీటీఎక్స్ 10 వరుసకు ఎన్విడియా కొత్త ఆటల కోసం డ్రైవర్లు ఇవ్వడం 2025 అక్టోబరుతో ఆపింది, భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు దాకా వస్తాయి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025 మేలో వచ్చిన డూమ్ ఆట రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేని కార్డుల మీద నడవనే నడవవు. ఇలాంటి మూసివేతల్లో కూడా ఏది కార్డుకు సంబంధించినది, ఏది ప్లాట్‌ఫామ్‌కు సంబంధించినది అన్న తేడా చూడాలి. రే ట్రేసింగ్ లేకపోవడం కార్డు లోపం. విండోస్ 11 ఎక్కకపోవడం ప్లాట్‌ఫామ్ లోపం.

ఇంత పరిశీలన తర్వాత ప్లాట్‌ఫామే మార్చాలని తేలితే, అప్పుడు మార్కెట్ వైపు చూడటం సబబు. ఆ చూపులో 2025 చివరి నుంచి అన్నిటినీ మించి కనిపిస్తున్నది ర్యామ్ ధర. ప్రపంచంలో ర్యామ్‌కు కావలసిన డీర్యామ్ చిప్‌లు చేసే పెద్ద సంస్థలు మూడే: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ సర్వర్లకు కావలసిన హెచ్‌బీఎం రకపు మెమరీకి, అదే పరిమాణంలో డీడీఆర్5 చేయడంతో పోలిస్తే సుమారు మూడింతల వేఫర్ (చిప్‌లు చెక్కే సిలికాన్ పలక) పడుతుంది. ధర కూడా అక్కడే ఎక్కువ గిట్టుతుంది కనుక ముగ్గురూ అటు మళ్లారు. అమెరికాలో 2025 మధ్యలో సుమారు 100 డాలర్లకు దొరికిన 32 జీబీ డీడీఆర్5 జత ఏడాది చివరికి 300 డాలర్లు దాటింది. 2025 డిసెంబరు 3న మైక్రాన్, తన క్రూషియల్ బ్రాండు కింద సామాన్యులకు ర్యామ్, ఎస్‌ఎస్‌డిలు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. ఉత్పత్తి తగ్గుతున్న డీడీఆర్4 ధర కూడా అంతకుముందే పెరిగింది.

మెమరీ ధరలు ఇలా ఎగిరిపడటం కొత్త కాదు. 2017, 2018లలో ఎక్కి 2019లో దిగాయి, 2022 నుంచి 2023 దాకా నేలకు దిగి ఎస్‌ఎస్‌డిలు కారుచౌకగా దొరికాయి. అయితే ఇప్పటి గిరాకీ డేటా సెంటర్ల నుంచి వస్తున్నది, కొత్త మెమరీ ఫ్యాక్టరీ కట్టి ఉత్పత్తికి తేవడానికి ఏళ్లు పడుతుంది. కనుక నాలుగైదు నెలలు ఆగితే ధరలు దిగుతాయన్న ఆశ మీద నిర్ణయం కట్టుకోవడం సరికాదు. యంత్రం ఇంకా పనికివస్తున్నవారు ఆగాలి, ఆగడం వల్ల వారికి పోయేదేమీ లేదు. తప్పనిసరైనవారు 64 జీబీ కలలు మాని 16 జీబీతో మొదలుపెట్టి, బోర్డు మీద ఖాళీ స్లాట్లు ఉంచుకుని, ధర దిగినప్పుడు పెంచుకోవడం నయం. ఒకే 16 జీబీ స్టిక్ పెడితే రెండు స్టిక్‌ల జత కంటే కొంత వేగం తగ్గుతుంది, పెద్ద క్యాష్ ఉన్న ఎక్స్‌3డీ రకపు ప్రాసెసర్లలో ఆ నష్టం తక్కువగా ఉంటుంది.

విడుదలైన మొదటి రోజే కొనడం గురించి ఒక మాట. 2022 చివర్లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల పవర్ కనెక్టర్లు కరగడం, 2023 ఏప్రిల్‌లో ఏఎం4 తర్వాతి సాకెట్ అయిన ఏఎం5 బోర్డులు అధిక వోల్టేజీ ఇవ్వడం వల్ల కొన్ని ఎక్స్‌3డీ ప్రాసెసర్లు కాలిపోవడం, ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో స్థిరత్వ సమస్య 2024లో బయటపడి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్పులతో పాటు వారంటీని రెండేళ్లు పొడిగించవలసి రావడం, ఇవన్నీ గుర్తుంచుకోదగ్గవి. మొదటి రెండూ విడుదలైన కొద్ది వారాల్లో తెలిశాయి, మూడోది తెలియడానికి చాలా కాలం పట్టింది. మూడు నాలుగు నెలలు ఆగి కొనడం వల్ల అన్ని ప్రమాదాలూ తప్పవు గానీ, చాలావరకు తప్పుతాయి. కొరత లేని రోజుల్లో ధర కూడా కాలం గడిచేకొద్దీ దిగవచ్చు. 2022 నవంబరులో 1,199 డాలర్లకు వచ్చిన ఆర్‌టీఎక్స్ 4080 స్థానంలో 2024 జనవరిలో కాస్త మెరుగైన 4080 సూపర్ 999 డాలర్లకే వచ్చింది. తరం మధ్యకాలంలో కొనడానికి ఇది మంచి ఉదాహరణ.

అమెరికాలోని అన్నయ్యో, చెల్లెలో వచ్చేటప్పుడు కార్డు తెప్పించుకుందామన్న ఆలోచన తెలుగు ఇళ్లలో తరచూ వస్తుంది. దాని లెక్క వేసి చూడాలి. 2025 మొదట్లో ప్రకటించిన ఆర్‌టీఎక్స్ 5070 ధర అమెరికాలో 549 డాలర్లు, భారత్‌లో 59 వేల రూపాయలు. అప్పుడు డాలరు సుమారు 86 రూపాయలు, అంటే 549 డాలర్లు 47,214 రూపాయలు. అమెరికా ధరలో అమ్మకపు పన్ను కలిపి ఉండదు. టెక్సస్‌లో స్థానిక పన్నుతో కలిపి అది 8.25 శాతం దాకా ఉంటుంది, అప్పుడు కార్డు 51 వేలు దాటుతుంది. మన ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసే ఉంది. మిగిలేది ఎనిమిది వేల లోపు. అక్కడ కొన్న కార్డుకు ఇక్కడ వారంటీ చాలా సందర్భాల్లో వర్తించదు, విమానాశ్రయంలో సుంకం పడే అవకాశమూ ఉంది. మూడేళ్ల వారంటీని ఎనిమిది వేలకు వదులుకోవడం లాభసాటి బేరం కాదు. ప్రకటిత ధరకు, దుకాణంలో అడిగే ధరకు మధ్య అంతరం బాగా పెరిగిన కొరత రోజుల్లోనే ఆ దారి ఆలోచించదగ్గది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, ఆన్‌లైన్ ధరతో సరిపోల్చి, బిల్లుతో కొనడం మామూలు రోజుల్లో అంతకన్నా క్షేమం.

కార్డు ఒక్కటే మారుస్తున్నామనుకున్న చోట కూడా కనపడని ఖర్చులుంటాయి. కొత్త కార్డుకు పాత 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలకపోవచ్చు. కరెంటు కోతలున్న ఊళ్లలో దాని వెనుక యూపీఎస్ ఉంటుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లే, ఆట మధ్యలో 400 వాట్లు లాగే యంత్రాన్ని అది కరెంటు పోయిన క్షణమే వదిలేస్తుంది. ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ కలిపి పది పదిహేను వేలు అదనమైతే, కార్డు మార్చడమా, యంత్రం మార్చడమా అన్న తూకం కొంత జరుగుతుంది.

ఆగడానికి కూడా ఒక ధర ఉంది. లక్షా ఇరవై వేల యంత్రాన్ని ఆరేళ్లు వాడితే ఏడాదికి 20 వేలు పడుతుంది. ఉన్న యంత్రం ఇష్టమైన ఆటలను నడపలేని స్థితిలో ఆరు నెలలు ఆగి పది వేలు మిగుల్చుకుంటే, ఆ ఆరు నెలల వినియోగపు విలువ కూడా సరిగ్గా అంతే, అంటే మిగిలింది సున్నా. ఉన్న యంత్రం బాగానే నడుస్తుంటే మిగిలిన పది వేలూ నిజమైన పొదుపే. అందుకే ఒకే రోజున, ఒకే ధర చూసి, ఒకరు కొనడమూ మరొకరు ఆగడమూ రెండూ సరైనవి కావచ్చు.

ఒక ఏడాది తేడాతో కూర్చిన రెండు యంత్రాలను పక్కపక్కన పెడితే ఇదంతా స్పష్టపడుతుంది. మొదటిది 2017 నాటిది: కోర్ ఐ5-7400, 8 జీబీ డీడీఆర్4, 6 జీబీ జీటీఎక్స్ 1060. రెండోది 2018 నాటిది: రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4, అదే జీటీఎక్స్ 1060. కార్డు ఒకటే కనుక నేటి ఆటల్లో రెండూ తడబడతాయి, చూసేవారికి రెండూ ఒకే ఈడువిగా కనిపిస్తాయి. మొదటిదానికి నాలుగు కోర్లే, విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ఆ బోర్డు తీసుకోగల అత్యంత శక్తిమంతమైన ప్రాసెసర్‌కు కూడా నాలుగు కోర్లు దాటవు. దాని మీద ఇంకొక్క రూపాయి పెట్టడం వృథా. ఆ ఇంటివారు ఏఎం5 వైపు వెళ్లవచ్చు. 2027, ఆపైన కూడా ఆ సాకెట్‌కు కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ ప్రకటించింది కనుక, ర్యామ్ ధర మండుతున్నా, 16 జీబీతో మొదలుపెట్టి మధ్యశ్రేణి ప్రాసెసర్ పెట్టుకుంటే తర్వాత మెట్టు ఎక్కే దారి మిగిలి ఉంటుంది. రెండోదానికి విండోస్ 11 ఎక్కుతుంది. బయోస్ అప్‌డేట్ చేస్తే ఎనిమిది కోర్ల రైజెన్ 7 5700ఎక్స్ ఆ బోర్డులోనే కూర్చుంటుంది. ఇప్పుడు కొనబోతే ఖరీదైన ర్యామ్ అందులో ఇప్పటికే ఉంది. పదహారు లేన్లు వాడే 16 జీబీ ఏఎండీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ వంటి కార్డు దాని పీసీఐ 3.0 స్లాటుకు సరిపోతుంది, ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లకు తగ్గకుండా ఉంటే చాలు. ఆ యంత్రం ఉన్నవారు కొత్త కంప్యూటర్ మాట మరో మూడేళ్లు పక్కన పెట్టి, ముందు ప్రాసెసర్ తెచ్చుకోవాలా కార్డు తెచ్చుకోవాలా అన్నది 720పీ పరీక్ష చేసి తేల్చుకోవచ్చు.